ఆరో అంకె రేకు

స్కోరు బోర్డు వెనక నా చోటు.
ఒక నిచ్చెన, ఒక స్టూలు, కందిరీగల గూడు,
పైన తొమ్మిది కిటికీలు, కింద తొమ్మిది.
వచ్చినవాళ్లకి తెల్ల అంకెలు, మాకు పసుపువి.
కాగితం మిల్లు మూతపడ్డాక
ఓర్డ్‌వే ఫాల్స్‌లో నాకు దొరికిన
లెక్కల ఉద్యోగం ఇదొక్కటే.

జట్టుకి ఇది మొదటి ఏడు.
టైర్ల కొట్టు హోరేస్ గ్రిమ్‌షా కొని తెచ్చి
హెరన్స్ అని పేరు పెట్టాడు,
మా నది ఒడ్డున ఒంటికాలి మీద నిలబడే
బూడిదరంగు కొంగల పేరు.
కొంగ జపం చేసేది చేప కోసం.
మావాళ్లు జపం వరకే నేర్చుకున్నారు.

మీసాలు సరిగా రాని కుర్రాళ్లు.
జీతం తీసుకుంటారు గనక వృత్తి ఆటగాళ్లు.
పిచ్చర్ ఎలీసియోకి పంతొమ్మిది,
ప్రూయిట్ వాళ్ల నేలమాళిగలో
బట్టలుతికే మెషీను పక్కన పడుకుంటాడు.
అది తిరుగుతుంటే
వాళ్ల ఊరి సముద్రంలా ఉంటుందట,
ఆగిపోతే మెలకువ వస్తుందట.

మేలో వరసగా పద్నాలుగు ఓడారు.
మేనేజర్ వెండెల్ ఓక్స్ ఏమీ అనడు,
పొద్దుతిరుగుడు గింజలు నమిలి ఊస్తాడు.
వేయించిన గింజలు మొలకెత్తవని తెలిసీ
పచ్చిక కోసే ముసలాయన
రోజూ వంగి చూసేవాడు.

జూన్‌లో ఒక రాత్రి
ఒక్క ఇన్నింగ్సులో పదమూడు కొట్టారు వచ్చినవాళ్లు.
నా దగ్గర రెండంకెల రేకు లేదు.
ఒకటి ఈ కిటికీలో, మూడు పక్క కిటికీలో పెట్టాను.
ఇంకా ఆడని ఇన్నింగ్సుకి కూడా
అప్పుపడ్డాం.

పసుపు సున్నాలు చాల్లేదు.
పెయింటు డబ్బా మూతలకి రంగు పూసి
కొత్తవి చేశాను.
హళ్లికి హళ్లి, సున్నకి సున్న.
మధ్యలో చిల్లు పెట్టాను, ఆట కనబడాలిగా.
ఈ ఏడు ఆటంతా
నేను సున్నాలోంచే చూశాను.

పద్నాలుగో ఇన్నింగ్సులో తేలిక బంతి జారవిడిచిన రాత్రి
షార్ట్‌స్టాప్ టావిష్ నా నిచ్చెన ఎక్కాడు.
లైట్లు ఆర్పేశారు అప్పటికే.
"ఇక్కణ్ణుంచి ఎలా కనబడతాం?" అన్నాడు.
చిన్నగా, అన్నాను.
చాలాసేపు కూర్చున్నాడు.
"మంచిదే" అని దిగి వెళ్లాడు.

ఆగస్టుకి జనం రెండొందల నుంచి అరవై,
అరవై నుంచి
చెవి దగ్గర రేడియో పెట్టుకుని
ఇంకెవరి ఆటో వినే ఇద్దరు తాతలు,
ఒక కుక్క.

ఆఖరి ఆట.
మూడో ఇన్నింగ్సులో ఏం పూనిందో తెలీదు,
ప్రతివాడి బ్యాటుకీ బంతి తగిలింది.
టావిష్ కొట్టింది కంచె దాటి
గ్రిమ్‌షా టైర్ల గుట్టలో పడింది.
ఆరు.
మా ఆరో అంకెకి చుట్టిన వార్తాపత్రిక
అప్పటిదాకా విప్పనే లేదు.
నాలుగు మేకులు అక్కర్లేదు, అయినా కొట్టాను.

నాలుగో ఇన్నింగ్సులో వాన.
అంపైర్ గంటసేపు ఆకాశం చూసి తల అడ్డంగా ఊపాడు.
అయిదైనా పూర్తికాని ఆట
ఆట కిందికి రాదు.
కుర్రాళ్లు పిచ్ మీద కప్పిన పట్టా ఎక్కి
బోర్లా పడి జారుతూ అరిచారు,
గెలిచినవాళ్లు కూడా అలా అరవరు.
ఎలీసియో వానలో ఒంటికాలు ఎత్తి
లేని బంతిని విసిరాడు.
వెండెల్ వంగి, లేని గ్లవ్‌తో పట్టాడు.

పుస్తకంలో
ఇరవై రెండు గెలుపులు, డెబ్భై ఏడు ఓటములు.
వందో ఆట లేదు.

మర్నాడు రేకులన్నీ దింపి పెట్టెలో సర్దుతుంటే
హోరేస్ కింద నిలబడి
"ఆ ఒక్కటి వదిలేశావేం?" అన్నాడు.
మేకులు తుప్పు పట్టాయి, రావటం లేదు, అన్నాను.

నిన్న కొట్టిన మేకులు.
ఆయన వాటివైపు చూశాడు, నా వైపు చూశాడు,
"సరే, వసంతంలో చూద్దాం" అని
కారెక్కాడు.